గొణిగే పట్నం

హైదరాబాద్‌లో చూడవలసినవి చాలా ఉన్నాయని అందరూ చెబుతారు. అక్కడి మనుషులు నోరు తెరవకుండా ఎలా మాట్లాడతారో మాత్రం ఎవరూ ముందుగా చెప్పరు. బస్సు దిగిన దగ్గర్నుంచి ఒక్కరంటే ఒక్కరు నాతో తిన్నగా మాట్లాడలేదు. అందరిదీ గొణుగుడే. చదువు పెరిగినకొద్దీ గొంతు తగ్గుతుంది కాబోలు అనుకున్నాను. మా సిరిసిల్లలో అలా మాట్లాడితే తాగడానికి మంచినీళ్ళు కూడా పుట్టవు.

నేను పుట్టింది కోరుట్లలో. పెళ్ళయి సిరిసిల్ల వచ్చిన నెలలోనే సాంచల షెడ్డులో కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టాను. సాంచలంటే మరమగ్గాలు. కండెలంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెల్లో పెట్టే దారపు చుట్టలు. షెడ్డులో సాంచలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని మా మాటలు నోటితో సగం, చేతులతో సగం. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. పిడికిలి గుండ్రంగా తిప్పితే కండెలు కావాలని. బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్‌కి పోదామని. ఎదుటివాళ్ళ పెదవులు చూసి వాళ్ళు ఎవరిని ఏమని తిడుతున్నారో కూడా చెప్పగలం. ఇది ఎవరూ నేర్పే విద్య కాదు, నాలుగు నెలలు కూర్చుంటే దానంతటదే వస్తుంది.

మా ఆయన కొన్నేళ్ళు సాంచలు నడిపి, నడుము పట్టేసి, ఆ పని మానేశాడు. ఆటో కొనుక్కుని, దారం చుట్టిన బీములను షెడ్లకు చేరవేస్తుంటాడు. ఆయన చెవుల్లో సగం సాంచలు తింటే మిగిలిన సగం ఆ ఆటో తిన్నదని నా నమ్మకం. నమ్మకమేమిటి, సాక్ష్యాలే ఉన్నాయి. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే అయినా ఊరందరికీ చాటింపు వేసినట్టు మాట్లాడతాడు. టీవీ పెడితే పక్కింటివాళ్ళు వేరే టీవీ పెట్టుకోనక్కర లేదు. ఏం చెప్పాలన్నా నా ఎదురుగా వచ్చి, ముఖంలోకి చూస్తూ చెబుతాడు. నేను పొయ్యి వైపు తిరిగి ఉంటే భుజం తట్టి, నన్ను తనవైపు తిప్పుకుని మరీ చెబుతాడు. పెళ్ళయిన కొత్తలో లేని ఈ మురిపెం ఇప్పుడేమిటని మొదట్లో సిగ్గుపడ్డాను కూడా. తర్వాత అర్థమైంది. పాపం, నా పెదవులు కనపడితేగానీ ఆయనకు నా మాట అందడం లేదు.

నేను ఎంత తిట్టినా పల్లెత్తు మాట అనడు. నవ్వుతూ కూర్చుంటాడు. వాడకట్టు ఆడవాళ్ళు, "నీ మొగడు ఎంత ఓపికమంతుడే, నీ పుణ్యం" అంటారు. అది ఓపిక కాదు, చెవుడు అని నాకొక్కదానికే తెలుసు. ఒకసారి షెడ్డు గల్లీలో ఇద్దరం నడిచి వస్తుంటే ఉన్నట్టుండి నా చెయ్యి పట్టి గోడవైపు గుంజాడు. గాజు పగిలి మణికట్టు గీసుకుంది. పక్కనుంచి ఒక ట్రాలీ ఆటో వెనక్కి వెనక్కి పోయింది. అదేదో మెల్లగా చెప్పొచ్చు కదా! చెవులతోపాటు మర్యాద కూడా పోతుందని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చేదాకా తిట్టాను. ఆయన ఎప్పటిలాగే నవ్వాడు.

ఆయన ఒక్కడే పాడైతే సర్దుకోవచ్చు. ఇంట్లో సామాన్లు కూడా పోటీ పడుతున్నాయి. ఉన్న కుక్కర్ కూత పెట్టడం మానేసి పప్పు మాడ్చింది. కొత్తది కొన్నాం. ఈ రోజుల్లో కూతల్లో కూడా కల్తీ చేస్తున్నారేమో, అదీ అంతే. ఫోన్లు మరీ ఘోరం. బిడ్డ హైదరాబాద్‌లో కొలువు చేస్తుంది. ఆ పిల్ల ఫోన్ చేస్తే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంటుంది. ఫోన్‌లో సరిగ్గా మాట్లాడేది మా జగిత్యాల అక్క ఒక్కతే. ఆమె మాట్లాడితే నిజానికి ఫోన్ అవసరం లేదు.

అలాంటి బిడ్డ ఒకరోజు గొంతు పెంచి ఒక ముక్క స్పష్టంగా చెప్పింది.

"అమ్మా, బాపు చెవులు ఒకసారి డాక్టర్‌కు చూపిద్దాం. చెవులని చెప్పకు, రాడు. పట్నం చూద్దామని చెప్పి పట్కరా."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను లోకం ముందు వెక్కిరిస్తానుగానీ లోపల భయమే. సిద్దిపేట రోడ్డు మీద లారీలు ఎలా పోతాయో చూసినవాళ్ళకు తెలుసు. వెనకనుంచి వచ్చే హారన్ వినపడని మనిషి ఆ రోడ్డు మీద ఆటో నడుపుతున్నాడు. పొద్దున ఆటో తీసుకుని పోయినవాడు మళ్ళీ గడపలోకి వచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండదు. ఏం చేసైనా సరే ఆయన్ని డాక్టర్ ముందు కూర్చోబెట్టాలనుకున్నాను. అందుకోసం చార్మినార్ ఏమిటి, తాజ్‌మహల్ చూడమన్నా చూస్తాను.

పట్నం పోతున్నామని తెలియగానే జగిత్యాల అక్క ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడో ఒక పెళ్ళికి హైదరాబాద్ పోయి వచ్చింది. అప్పటినుంచి ఆ ఊరు ఆమె కట్టించినట్టే మాట్లాడుతుంది.

"చార్మినార్ కాడ గాజులు గొను. మ్యూజియంల గడియారం సూడు, లోపల్నుంచి చిన్న బొమ్మ అచ్చి గంట గొడ్తది. గోల్కొండ ఎక్కు. బిర్యానీ తిను. మాల్‌ల మెట్లు వాటంతట అవే పోతయి, చీర కుచ్చిళ్ళు పైలం!"

ఆమె నోటితోనే చూడవలసినవన్నీ అయిపోయాయి. ఇక మేం పోయి ఫొటోలు దిగడమే మిగిలింది.

జూబ్లీ బస్టాండులో బిడ్డ ఎదురుచూస్తోంది. అక్కడినుంచే మెట్రో ఎక్కించింది. బయట ఎండ మండిపోతుంటే లోపల చలి. ఎవరి ఫోను వాళ్ళ చేతిలో, ఎవరి బిరడాలు వాళ్ళ చెవుల్లో. దేవుడిచ్చిన మంచి చెవులను మూసుకోవడానికి డబ్బు పెట్టి మరీ బిరడాలు కొనుక్కున్నారు. స్టేషను వచ్చినప్పుడల్లా పైనుంచి ఒక ఆడగొంతు ఏదో చెబుతుంది. మూడు భాషల్లో చెబుతుందట. మూడింటిలోనూ నాకు ఒకటే బూరశబ్దం వినిపించింది. ప్రభుత్వాలు ఇంత ఖర్చు పెట్టి రైలు కట్టి, చివరికి నోరు తిరగని పిల్లను పెట్టుకున్నాయి.

"వచ్చేదే మనం దిగేది" అన్నాడు మా ఆయన నా ముఖం ముందుకు వచ్చి.

"నీకెట్ల ఎరుక?"

"చెప్తాంది గద!"

నాకు నవ్వొచ్చింది. తలుపు మీద లైట్లతో పేర్లు రాసి ఉన్నాయి, అవి చదివి గొప్పలు పోతున్నాడు. చెవిటివాళ్ళకు ఈ తెలివితేటలు వాటంతట అవే వస్తాయి. బిడ్డవైపు చూసి కన్ను కొట్టాను. బిడ్డ కిటికీలోంచి బయటికి చూసింది.

మ్యూజియం నది పక్కన ఉంది. నదిని కూడా చూడవలసినవాటిలో కలిపితే ముక్కు మూసుకోవడం చేయవలసినవాటిలో కలపాలి. లోపల రాజుల కత్తులు, రాజుల కుర్చీలు, రాజుల కంచాలు. వాళ్ళు తిన్న కంచాలను చూడటానికి మనం తినకుండా క్యూలో నిలబడాలి. ఒక అద్దాల పెట్టెలో పాత పట్టుబట్ట వేలాడదీశారు. జనమంతా దాని పువ్వులు చూస్తుంటే మేమిద్దరం అంచు దగ్గరికి వంగి, పోగులు ఎక్కడ తెగాయో వెతుకుతున్నాం. మా ఆయన రెండు వేళ్ళు కత్తెరలా ఆడించాడు. నేను తల ఊపాను. ఆ బట్టను చూసినంతసేపు మేం ఇంకేమీ చూడలేదు.

గడియారం దగ్గర అక్క చెప్పినట్టే జనం గుంపుగా కూర్చున్నారు. గంట అయ్యే సమయానికి అందరూ ఊపిరి బిగబట్టారు. చిన్న తలుపు తెరుచుకుంది. బొమ్మ బయటికి వచ్చింది. సుత్తి ఎత్తి కొట్టింది. అంతే. అందరూ "అబ్బా" అని ముఖాలు వెలిగించుకున్నారు. ఏమి అబ్బా? చప్పుడంటూ ఉంటే కదా! చెంచా అంచు గిన్నెకు తగిలినంత కూడా లేదు. ఇన్ని ఏళ్ళలో లోపల ఏదో అరిగిపోయి ఉంటుంది, చెబితే పరువు పోతుందని ఎవరూ చెప్పడం లేదు. మా ఆయన కూడా అందరితోపాటు తల ఆడిస్తూ ఆనందించాడు. వినపడనివాడు వినపడినట్టు నటిస్తుంటే చూడటానికి ఎంత జాలిగా ఉంటుందో నాకు ఆ రోజు తెలిసింది.

చార్మినార్ దగ్గర మాత్రం నా ప్రాణం లేచి వచ్చింది. అక్కడ మనుషులు మనుషుల్లా మాట్లాడుతున్నారు. బండ్లవాళ్ళు గొంతు చించుకుంటున్నారు, ఆటోలు మోగుతున్నాయి, గాజులవాళ్ళు చెయ్యి పట్టి లాగినంత పని చేస్తున్నారు. ఇంత చరిత్ర ఉన్న కట్టడం చుట్టూ ఇంత సందడి ఉంటే బాగుండదని చదువుకున్నవాళ్ళు అంటారట. చదువుకున్నవాళ్ళకు మెట్రో ఉంది కదా, అందులో కూర్చుని గొణుక్కోవచ్చు.

ఆ సందడిలో మేం విడిపోయాం. నేనూ బిడ్డా గాజుల గల్లీ వైపు, మా ఆయన రోడ్డుకు అవతల. మధ్యలో జనం, బండ్లు. బిడ్డ గాభరాగా ఫోన్ తీసింది. నేను చెయ్యెత్తి అరచేయి చూపించాను, ఆగమని. అవతలనుంచి మా ఆయన బొటనవేలు పెదవికి ఆనించి, పక్కనున్న చాయ్ హోటల్ వైపు చూపించాడు. నేను నా మణికట్టు చూపించి వేలు తిప్పాను, గాజులు కొని వస్తామని. ఆయన వేళ్ళు చాపి సైజు అడిగినట్టు సైగ చేసి, నవ్వి, హోటల్లోకి పోయాడు. ఇదంతా అయ్యేసరికి బిడ్డ ఫోన్‌లో ఇంకా నంబరు కూడా నొక్కలేదు.

"మీ ఇద్దరికి ఫోన్ దండుగ" అంది బిడ్డ నవ్వుతూ. ఆ నవ్వు చివర ఎందుకో కళ్ళు తుడుచుకుంది. దుమ్మనుకున్నాను.

గాజుల తర్వాత ఒక బట్టల కొట్లోకి పోయాం. మెత్తని పరుపు మీద కూర్చోబెట్టారు. కొట్టతను వంగి ఏదో అడిగాడు. "మస్తు పిరం చెప్తున్నరు" అన్నాను గట్టిగా, ధర ఎక్కువనడం ఏ కొట్లోనైనా పనికొచ్చే మాట కదా అని. కొట్లో అందరూ నావైపు తిరిగారు. మంచినీళ్ళు తాగుతారా అని అడిగాడట. అడిగేదేదో నోరు తెరిచి అడగవచ్చు కదా! పట్నం మర్యాద అంటే ఎదుటివాళ్ళను పిచ్చివాళ్ళను చేయడమని అప్పుడు అర్థమైంది.

చాయ్ హోటల్లో మా ఆయన బిస్కట్లు ముందు పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఇరానీ చాయ్ అనే దాన్ని చిన్న కప్పులో సగం పోసి, మిగతా సగం గౌరవంతో నింపి ఇస్తారు. నాకు అదే అదును అనిపించింది. కొత్త గాజులు, కడుపులో చాయ్, పక్కన బిడ్డ. ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"ఇగో, ఒక మాట చెప్త. కోపానికి రావద్దు. ఎల్లుండి చెవుల డాక్టర్ దగ్గరికి పోదాం. బిడ్డ అన్ని మాట్లాడింది."

"ఎవల చెవులకు?"

"ఎవల చెవులకేంది? నీ చెవులకే!"

ఆయన బిస్కట్ చాయ్‌లో ముంచి తాపీగా తిన్నాడు. "నా చెవులకేమైంది? మంచిగనే ఉన్నయి."

చెవిటివాళ్ళందరూ చెప్పే మాటే అది. నేను నా సాక్ష్యాలన్నీ ఒక్కొక్కటీ బయటపెట్టాను. టీవీ, అరుపులు, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడటం, గాజు పగలగొట్టడం. సిద్దిపేట రోడ్డు దగ్గరికి వచ్చేసరికి నా కన్నీళ్ళు చాయ్ కప్పులో పడ్డాయి. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. "నీకేమన్న అయితే నేనేం గావాలె?" అన్నాను. హోటల్లో చుట్టుపక్కలవాళ్ళు కప్పులు దించి మావైపు చూశారు. చూస్తే చూశారు.

మా ఆయన బిడ్డ ముఖంలోకి చూశాడు. బిడ్డ కప్పులోకి చూసింది. తర్వాత ఆయన నావైపు తిరిగి, ప్రతి ముక్కా విడదీసి చెప్పాడు.

"సరే. రేపు గోల్కొండ పోదాం. కింద దర్వాజ కాడ చప్పట్లు కొడ్తె గుట్ట మీద ఇనవడ్తదట. మనం పైకెక్కుదాం. ఎవలకు ఇనవడకపోతే వాళ్ళు నోరు మూసుకొని డాక్టర్ దగ్గరికి పోవాలె. మల్ల మాట మార్చద్దు."

ఎవరికి వినపడకపోతే వాళ్ళంట! ఓడిపోయేవాడు కూడా న్యాయం మాట్లాడుతున్నాడు. నేను వెంటనే బిడ్డ నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఆయన చేత కూడా వేయించాను. మా ఇంట్లో బిడ్డ మీద వేసిన ఒట్టు ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

మర్నాడు గోల్కొండ. ఆ కోట కట్టించినవాళ్ళకు మోకాళ్ళు అనేవి లేవని దాని మెట్లు చూస్తే తెలుస్తుంది. కింద దర్వాజా దగ్గర గోపురం కింద గైడు ఒకతను నిలబడి, వచ్చిన ప్రతి గుంపుకూ చప్పట్లు కొట్టి చూపిస్తున్నాడు. శత్రువు వస్తే కింద కాపలావాడు చప్పట్లు కొట్టేవాడట, పైన రాజుగారు వినేవాడట. రాజుకు ఇన్ని వేల మంది సేవకులు ఉంటే ఒకణ్ణి పైకి పరిగెత్తించలేకపోయాడు. గైడు ఉపన్యాసంలో నాకు అందింది ఇంతే, అదీ బిడ్డ నా వైపు తిరిగి మళ్ళీ చెప్పింది కాబట్టి. గైడు కూడా గొణుగుడు మనిషే.

ఎక్కాం. రొప్పుతూ, నీళ్ళు తాగుతూ, ఎక్కడపడితే అక్కడ కూలబడుతూ ఎక్కాం. గోడల నిండా ప్రేమికుల పేర్లు చెక్కి ఉన్నాయి. కోటను గెలవలేని వాళ్ళంతా దాని గోడలను గెలుచుకుని పోయారు. దారి పొడవునా ఫొటోలు దిగేవాళ్ళు అడ్డం. పైకి చేరేసరికి నా కాళ్ళు నావి కావు. కానీ మనసులో మాత్రం పెళ్ళికి పోతున్నంత హుషారు. మరునాడే డాక్టర్ దగ్గరికి పోతాం, ఆయన చెవులు బాగవుతాయి, నాకు కంటినిండా నిద్ర పడుతుంది.

పైన గాలి చల్లగా ఉంది. ఊరంతా కింద పరుచుకుని ఉంది. జనం గోడ దగ్గర చేరి దర్వాజా వైపు వంగి చూస్తున్నారు. మా ఆయన కూడా గోడ పక్కన నిలబడి కళ్ళు మూసుకున్నాడు. నేను ఆయన ఎదురుగా పరీక్షలు పెట్టే సారులా నిలబడ్డాను. నా వెనక బిడ్డ.

ఆయన చూపుడువేలు పైకెత్తాడు. కాసేపాగి మళ్ళీ ఎత్తాడు. ఇంకోసారి ఎత్తాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఊకె ఏలు లేపితే అయితదా? ఇంక ఎవలు కొట్టనే లేదు! అబద్ధాలాడెటోళ్ళను మస్తు మందిని చూసిన."

పక్కన నిలబడిన ఒకామె నావైపు తిరిగింది. ఆమె చూపు నాకు బాగా తెలిసిన చూపే. టీవీ ముందు కూర్చున్న మా ఆయన్ని నేను చూసే చూపు అది. బిడ్డ నా ముందుకు వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, కొట్టిండ్రు. కొడ్తనే ఉన్నరు."

ఇద్దరూ కూడబలుక్కున్నారని అనుకున్నాను. నన్ను మోసం చేయడం అంత తేలిక కాదు. బిడ్డను ఒక మూలకు తీసుకుపోయి గోడవైపు తిప్పి నిలబెట్టాను. మా ఆయన్ని ఇంకో మూలన నిలబెట్టాను. ఇద్దరినీ కళ్ళు మూసుకోమన్నాను. ఒకరి వీపు ఒకరికి. మధ్యలో నేను నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. గాలికి నా కొంగు ఎగురుతోంది. కొంగు ఎగరడం కనపడుతోందిగానీ గాలి చప్పుడు లేదు. అంతా ప్రశాంతంగా ఉంది.

ఇద్దరి వేళ్ళూ ఒక్కసారే లేచాయి.

దించారు. మళ్ళీ ఒక్కసారే లేచాయి.

చివరికి నేనే పోయి మా ఆయన చెయ్యి పట్టుకుని దించాను. అక్కడే ఒక రాయి మీద కూర్చున్నాను. ఊళ్ళో ప్రతి ఒక్కరూ గొణుగుతున్నారని నమ్మిన నాకు, అంతమంది నోళ్ళు ఒక్కసారి ఎలా మూతపడతాయన్న అనుమానం ఎందుకు రాలేదో!

మా ఆయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. ముఖంలో ముఖం పెట్టి.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాను.

"కుక్కర్ కొన్నకాంచి. పాతది మంచిగనే కూత పెడ్తుండె."

"మరి చెప్పద్దా?"

"చెప్పిన. నీ చెవులే దొబ్బినయన్నవు. మల్ల చెప్పిన. మల్ల గదే అన్నవు. ఇగ గట్టిగ ఒర్రుడు, టీవీ పెంచుడు మొదలువెట్టిన." ఆయన నా మణికట్టు పట్టుకుని కొత్త గాజులు మెల్లగా తిప్పాడు. "గల్లీల గాజు పలిగింది, యాదికున్నదా? ట్రాలీవాడు హారన్ కొట్టి కొట్టి సచ్చిండు. నువ్వు జరుగుతలేవు. గా దినం కెల్లి నాకు నిద్ర లేదు. రోజు నిన్ను షెడ్డుకు పంపి, నేను ఆటోల ఏడ కూసున్నా పానం నీ మీదనే. బిడ్డకు నేనే ఫోన్ చేసిన. నీ చెవులంటె నువ్వు రావు. నా చెవులంటె ఉరుకుతవని ఎరుకే."

సిద్దిపేట రోడ్డు గురించి నేను పడ్డ భయాన్ని, అదే రోజుల్లో, అదే ఇంట్లో, ఆయన నా గురించి పడుతున్నాడు. మేమిద్దరం ఒకే మంచం మీద చెరోవైపు తిరిగి మేలుకుని పడుకున్నామన్నమాట. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఇంకో సంగతి తట్టింది. ఆయన చెవులు బాగుంటే, ఇన్నేళ్ళూ నేను తిట్టిన తిట్లన్నీ ఆయనకు వినపడ్డాయి. ఒక్కటీ పోకుండా వినపడ్డాయి. వాడకట్టు ఆడవాళ్ళు చెప్పిందే నిజం.

"అన్ని ఇన్నవా?" అని అడిగాను.

"అన్ని" అన్నాడు. నవ్వాడు. ఆ నవ్వు అంతకుముందు వేల సార్లు చూశాను.

దిగేటప్పుడు ఎవరం ఏమీ మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే మాత్రం నాకేం తెలుస్తుంది?

అక్క చెప్పిన వాటిలో బిర్యానీ ఒకటి, మాల్ ఒకటి మిగిలిపోయాయి. సాయంత్రం బిడ్డ పోదామంది. నాకు మనసు రాలేదు. ఒట్టు వేసినదాన్ని. మరుసటి రోజు పొద్దున్నే స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, ఏదో గుడికి పోయినట్టు డాక్టర్ దగ్గరికి పోయాను. జగిత్యాల అక్క ఈ చోటు చెప్పలేదు. చెప్పి ఉండవలసింది. మెత్తని గోడలున్న చిన్న గది. ఒక అద్దం. లోపల ఒక కుర్చీ. చెవులకు పెద్ద డిప్పలు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కమని అక్కడి పిల్ల కాగితం మీద రాసి చూపించింది. తలుపు మూసింది.

అద్దానికి అవతల ఆ పిల్ల మిషన్ ముందు కూర్చుంది. ఆమె వెనక మా ఆయన, ఆయన పక్కన బిడ్డ. నేను మా ఆయన వైపే చూస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల మిషన్ మీద ఏదో నొక్కింది. ఆమె చేతివైపే చూస్తున్న మా ఆయన బొటనవేలు చటుక్కున లేచింది. నేను బటన్ నొక్కాను. ఆమె మళ్ళీ నొక్కింది. ఆయన వేలు లేచింది. నేను నొక్కాను. షెడ్డులో దారం తెగినప్పుడు, కండె అయిపోయినప్పుడు, ఇన్నేళ్ళూ మేం నడుపుకొచ్చింది ఇలాగే. ఎంత బాగా వినపడుతోందో అనుకున్నాను.

ఆ పిల్ల చెయ్యి ఆగింది. నావైపు చూసింది. వెనక్కి తిరిగి మా ఆయన్ని చూసింది. నవ్వు ఆపుకుంటూ లేచి, ఆయన భుజాలు పట్టుకుని గోడవైపు తిప్పి నిలబెట్టింది.

నేను ఆయన వీపు వైపు చూస్తూ, బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటిదాకా నొక్కవలసిన అవసరం రాలేదు.